దీపం అబద్ధం చెప్పింది

మా బావ కారు కొన్నాడు. కొత్తది కాదు, 2015 మోడలు. ఇద్దరి చేతులు మారి మా ఇంటికొచ్చింది. అయినా ఎక్కడా గీత లేదు, సీట్లకు చిరుగు లేదు. తలుపు తీయగానే ముందుగా కంట్లో పడేది మాత్రం స్టీరింగు. కంపెనీ ఇచ్చే లావుపాటి నల్లటి చక్రం కాదది. కాస్త చిన్నగా, చుట్టూ మెత్తటి తోలు, దాని మీద ఎర్రదారం కుట్టు, మూడు వెండిరంగు ఆకులు, నడిమధ్య రూపాయి బిళ్లకంటే కొంచెం పెద్ద హారన్ బటను. అచ్చం రేసు కారే! "చూశావా బామ్మర్దీ, ఈ స్టీరింగుకే ఐదువేలు ఎక్కువడిగాడు" అన్నాడు బావ గొప్పగా. ఎనిమిదేళ్ల మేనల్లుడైతే ఆ చక్రం వదిలి అన్నానికి కూడా రాలేదు.

కారు కొనేముందు మా అక్క పెట్టిన షరతు ఒక్కటే. ఎయిర్‌బ్యాగులుండాలి. రోజూ పొద్దున పిల్లలిద్దరినీ సంతోష్‌నగర్ నుంచి బడికి దింపేది ఆవిడే మరి. అమ్మినాయన ఆ ముచ్చటా తీర్చాడు. తాళం తిప్పి మీటరు బోర్డు చూపించాడు. బెల్టు పెట్టుకుని కూర్చున్న మనిషి, ఎదురుగా ఓ బంతి... ఆ బొమ్మ ఎర్రగా వెలిగింది. ఐదారు సెకన్లయ్యాక ఆరిపోయింది. "వెలిగి ఆరిందంటే బ్యాగులు బాగున్నట్టే సార్" అన్నాడు. నిజమే, కారుతో వచ్చే పుస్తకంలోనూ అలాగే ఉంటుంది. అక్క సరేనంది. డబ్బు చేతులు మారింది.

నెల తిరక్కుండానే బ్రేకు తొక్కితే కీచుమనడం మొదలైంది. శాలిబండలో ఓ పాత మెకానిక్ ఉన్నాడు. నలభై ఏళ్లుగా అదే షెడ్డు. మా నాన్న స్కూటరు రోజుల నుంచీ పరిచయం. ఆదివారం పొద్దున్నే కారు తీసుకుని నేనే వెళ్లాను. చాచా కళ్లజోడు సవరించుకుంటూ సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ఎర్రదీపం వెలిగింది... ఆరింది. స్టీరింగు వంక చూశాడు. మళ్లీ తాళం తీసి తిప్పాడు. మళ్లీ వెలిగింది, ఆరింది.

"యే బత్తీ ఝూట్ బోల్‌రీ సాబ్!"

బ్రేకుల సంగతి అడిగితే దీపం అబద్ధం చెబుతోందంటాడేమిటి?

"గుబ్బారా ఏడుంది సాబ్ దీన్ల?" అన్నాడు చాచా, ఆ చిన్న హారన్ బటను మీద వేలితో కొడుతూ. అప్పుడు తట్టింది నాకు. ఎయిర్‌బ్యాగు ఉండేది స్టీరింగు మధ్యలో లావుగా ఉండే ఆ భాగంలోనే. ఆ మూత మీదే 'ఎస్ఆర్ఎస్' అనో, 'ఎయిర్‌బ్యాగ్' అనో అక్షరాలు అచ్చొత్తి ఉంటాయి. ఈ అందమైన చక్రంలో బ్యాగు పెట్టడానికి చోటే లేదు. బ్యాగు లేనప్పుడు దీపం ఏం చేయాలి? ఆరకుండా వెలుగుతూనే ఉండాలి. 'ఇక్కడ ఏదో తేడా ఉంది' అని గోల చేయాలి. అది బుద్ధిగా ఆరిపోతోందంటే ఎవరో దాని నోరు నొక్కేశారన్నమాట!

చాచా స్క్రూడ్రైవరు తీసుకుని స్టీరింగు కింది తొడుగు విప్పాడు. లోపల పసుపుపచ్చ తొడుగులో తీగ. కార్లలో ఎయిర్‌బ్యాగు తీగలకు పసుపు రంగు ఉంటుంది, జాగ్రత్తగా ముట్టుకోండని చెప్పడానికి. ఆ తీగ చివర నల్లటి ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. టేపు విప్పితే... బియ్యపుగింజంత వస్తువు, దానికి అటో కాలు, ఇటో కాలు. రెసిస్టరు. కోఠి గుజరాతీ గల్లీలో ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలో అడిగినా రూపాయికో రెండు రూపాయలకో ఇస్తారు.

ప్రాక్సీ హాజరు

ఈ మోసం ఎలా పనిచేస్తుందో చెబితే కాలేజీలో చదివినవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. ఎయిర్‌బ్యాగు మూలంలో నిప్పు రాజేసే చిన్న పరికరం ఉంటుంది. దాని తీగకు విద్యుత్తును అడ్డుకునే గుణం రెండు మూడు ఓములు. మనం తాళం తిప్పిన ప్రతిసారీ కారులోని చిన్న కంప్యూటరు అతి కొద్దిపాటి కరెంటు పంపి హాజరు తీసుకుంటుంది. 'ఉన్నావా?' అంటే బ్యాగు 'ఉన్నాను' అంటుంది. అందరూ పలికితే దీపం ఆరుతుంది. బ్యాగు పీకేసి, దాని స్థానంలో అన్నే ఓముల రెసిస్టరు పెడితే? వెనక బెంచీలో కూర్చుని స్నేహితుడి నంబరుకు 'ఎస్ సార్' అనే కుర్రాడిలా అదీ పలుకుతుంది. కంప్యూటరుకు మొహం చూసే వీలు లేదు కదా, గొంతు విని టిక్కు పెట్టేస్తుంది. పరీక్ష రోజున తెలుస్తుంది అసలు మనిషి రాలేదని.

ఇక్కడ పరీక్ష అంటే ప్రమాదం.

అందుకే స్టీరింగు మార్చడం కంటే, దీపం ఆర్పడమే నాకు పెద్ద తప్పుగా కనిపిస్తుంది. మార్చుకున్నవాడికి తన కారులో బ్యాగు లేదని తెలుసు. దీపం వెలుగుతూ ఉంటే ఆ తర్వాత కొన్నవాడికీ తెలిసేది. ఆర్పేశాక తెలిసే దారే లేదు. మా అక్క నెలరోజుల పాటు పిల్లల్ని ఎక్కించుకుని ఆ రెసిస్టరును నమ్ముకునే బండి నడిపింది.

"ఇది ఎవరు చేసి ఉంటారు చాచా?" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. చాయ్ తెప్పించాడు. సాసరులో పోసుకుని ఊదుకుంటూ, "నేను గూడ చేసిన సాబ్, శానా ఏండ్ల కింద" అన్నాడు. పుత్లీబౌలిలో కారు సామాన్ల దుకాణాల నుంచి కుర్రాళ్లు స్టీరింగు కొనుక్కుని నేరుగా షెడ్డుకు తెచ్చేవాళ్లట. పాత చక్రం విప్పి, కారుకు తగిన హబ్బు బిగించి, దాని మీద కొత్తది ఆరు బోల్టులతో కూర్చోబెడితే అరగంట పని. అప్పట్లో చాలా కార్లకు బ్యాగే ఉండేది కాదు కాబట్టి చిక్కు లేదు. బ్యాగులున్న కార్లు రావడం మొదలయ్యాక కూడా చేతులు అదే పని చేస్తూ పోయాయి. విప్పిన బ్యాగును అట్టపెట్టెలో పెట్టి ఓనరుకే ఇచ్చేవాడట. ఓ కుర్రాడు దాన్ని మంచం కింద దాచాడని తెలిసి చాచాకు నవ్వొచ్చింది. అది నవ్వే సంగతి కాదని తర్వాత తెలిసింది. అదే గల్లీలో ఇంకో షెడ్డులో ఒకతను బ్యాటరీ వైరు తీయకుండానే బ్యాగు విప్పబోతే ఢామ్మని పేలింది. మూతి పగిలింది, వారం రోజులు చెవి వినపడలేదు. "ఆ రోజుకెల్లి ఆ పనికి సలాం కొట్టిన."

రెప్ప వేసేలోపే

పేలింది అన్న మాట చాచా అతిశయానికి వాడలేదు. ఎయిర్‌బ్యాగు నిజంగానే పేలుతుంది. పేరులో గాలి ఉందని సైకిలు పంపులా ఏదో గాలి కొడుతుందనుకుంటాం. లోపల ఉండేది మందు. కారు దేన్నైనా బలంగా ఢీకొన్న క్షణంలో ముందు భాగంలోని సెన్సార్లు కంప్యూటరుకు కబురందిస్తాయి. అది నిప్పు అంటించమంటుంది. మందు మండి వాయువు పుట్టి సంచిని నింపేస్తుంది. ఢీకొన్నప్పటి నుంచి సంచి పూర్తిగా విచ్చుకునే దాకా మొత్తం సెకనులో ఇరవయ్యో వంతు. మనం రెప్ప వేయడానికి అంతకు రెట్టింపు కంటే ఎక్కువే పడుతుంది. సంచి అలా ఉబ్బి ఉండిపోదు కూడా. వెనక ఉన్న రంధ్రాల్లోంచి వాయువు వెంటనే బయటికి పోతుంది. తల తగిలేసరికి మెత్తబడుతూ ఉంటుందన్నమాట. గట్టిగా ఉబ్బే ఉంటే తల బంతిలా వెనక్కి ఎగరదూ!

ఇంత వేగంగా వచ్చే వస్తువుకు మరీ దగ్గరగా కూర్చుంటే అదే దెబ్బ తీస్తుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ స్టీరింగుకూ ఛాతీకీ మధ్య పది అంగుళాలు, అంటే జానెడు మీద మరో రెండు వేళ్లయినా ఎడం ఉండాలంటుంది. ముందు ఎయిర్‌బ్యాగుల వల్ల 1987 నుంచి 2017 మధ్య తమ దేశంలో 50 వేలకు పైగా ప్రాణాలు నిలిచాయన్నదీ ఆ సంస్థ లెక్కే. అయితే 'ఎస్ఆర్ఎస్' అన్న మూడక్షరాల్లో మొదటిదానికి అర్థం 'సప్లిమెంటల్'... అంటే తోడుగా ఉండేది. దేనికి తోడు? సీటు బెల్టుకు. బెల్టు మనిషిని పట్టి ఉంచితే, బ్యాగు తలనూ ఛాతీనీ కాస్తుంది. బెల్టు లేకుండా బ్యాగును నమ్ముకుంటే విచ్చుకుంటున్న సంచికి మనమే ఎదురెళ్లినట్టు.

స్టీరింగు గిరగిరా తిరుగుతుంది కదా, మరి అందులోని బ్యాగుకు తీగ తెగిపోకుండా ఎలా వెళుతుందన్న అనుమానం నాకెప్పటి నుంచో ఉంది. చాచా చూపించాడు. స్టీరింగు వెనక గుండ్రటి డబ్బీ, అందులో రిబ్బనులాంటి తీగ చుట్టలు చుట్టలుగా. చక్రం ఇటు తిప్పితే చుట్ట బిగుస్తుంది, అటు తిప్పితే వదులవుతుంది. గడియారం లోపలి స్ప్రింగులా ఉంటుందని దానికి క్లాక్ స్ప్రింగ్ అనే పేరు. 1889 నుంచి చార్మినార్ నాలుగు పక్కలా గడియారాలున్న ఊళ్లో ఆ పేరు వింటే గమ్మత్తుగా అనిపించింది. స్టీరింగు మార్చేవాళ్లు తరచూ పాడు చేసేది ఈ డబ్బీనే. మధ్యకు సరిచూసుకోకుండా బిగిస్తే నాలుగు మలుపులు తిప్పేసరికి రిబ్బను తెగుతుంది. అప్పుడు అసలు బ్యాగు తెచ్చి పెట్టినా కబురందదు.

ఈ బ్యాగు ఆలోచన ఎవరికొచ్చిందో తెలుసా? అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉండే జాన్ హెట్రిక్ అనే ఇంజినీరుకు. 1952లో భార్యనూ ఏడేళ్ల కూతుర్నీ ఎక్కించుకుని వెళుతూ, రోడ్డు మీద అడ్డొచ్చిన రాయిని తప్పించబోయి కారును పక్క గుంటలోకి దింపాడు. ఆ క్షణంలో భార్యాభర్తలిద్దరూ చప్పున చేతులు చాచి మధ్యలో ఉన్న పాపకు అడ్డం పెట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ సంఘటన ఆయన మనసును వదల్లేదు. ఆ చేతుల పని ఇంకేదైనా చేయగలదా అని బొమ్మలు గీసుకున్నాడు. 1953 ఆగస్టులో పేటెంటు వచ్చింది. కార్ల కంపెనీలు మాత్రం పట్టించుకోలేదు. బ్యాగులు మామూలు కార్లలోకి వచ్చేనాటికి పేటెంటు గడువే తీరిపోయి, ఆయనకు దమ్మిడీ రాలేదు. బండి సడన్‌గా ఆగితే పక్క సీట్లో ఉన్న బిడ్డకు అడ్డంగా చేయి పెట్టని తల్లి మన దగ్గరైనా ఉందా? మా అక్క ఇప్పటికీ పెడుతుంది, పిల్లలు వెనక సీట్లో కూర్చున్నా సరే.

అంతకు ముందు కార్లలో స్టీరింగంటే ఒక ఇనుప కడ్డీ చివర చక్రం. శాలిబండ నుంచి కూతవేటు దూరంలో ఉన్న చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లి నిజాంల పసుపుపచ్చ రోల్స్ రాయిస్‌ను చూడండి. 1912 నాటిది. ఆ రాజసం చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఆ కాలపు కార్లు దేనికైనా ఎదురుగా గుద్దుకుంటే ముందు భాగం వెనక్కి నెట్టుకొచ్చి, ఆ కడ్డీ నేరుగా డ్రైవరు గుండె మీదికి బల్లెంలా వచ్చేది. దెబ్బ తగిలితే తనలోకి తాను ముడుచుకునే కడ్డీలు 1960ల చివరికి గానీ అమెరికా కార్లలో మామూలు కాలేదు. ఆ తర్వాత బ్యాగులొచ్చాయి. మన దేశంలో కొత్త కార్లకు డ్రైవరు బ్యాగు తప్పనిసరి అయింది 2019 జులై 1 నుంచి. కొత్త మోడళ్లకు పక్క సీటు బ్యాగు 2021 ఏప్రిల్ నుంచి. దానికి ముందు బ్యాగు కావాలంటే మరో లక్ష పెట్టి పై మోడలు కొనుక్కోవాల్సి వచ్చేది. మా బావ కారు తొలి యజమాని అలా ఎక్కువిచ్చి కొన్నదాన్నే తర్వాత ఎవరో ఐదువేల చక్రం కోసం పీకి పారేశారు!

షోకు ఉంటే తప్పేమిటి అనొచ్చు. బండి రూపం మార్చే సరదా పాతబస్తీకి కొత్తేం కాదు. బహదూర్‌పురాలో జూపార్కు దగ్గర కె.సుధాకర్ మ్యూజియం చూసినవాళ్లకు తెలుసు. బూటు ఆకారంలో కారు, క్రికెట్ బ్యాటులా కారు, ఆడవాళ్ల హ్యాండ్‌బ్యాగులా కారు... అన్నీ తుక్కుతో చేసినవే, అన్నీ నడిచేవే. 2005 జులై 1న ఆయన 41 అడుగులకు పైగా ఎత్తున్న మూడు చక్రాల సైకిలు తొక్కి గిన్నిస్ పుస్తకానికి ఎక్కాడు. ఆ బూటులో కూర్చున్నవాళ్లెవరూ తమ ముందు ఎయిర్‌బ్యాగు ఉందనుకోరు. తేడా అక్కడుంది. నిజమైన రేసు కార్లలోనూ బ్యాగు లేని చక్రాలే ఉంటాయి. కానీ ఆ డ్రైవరును ఆరు పట్టీల బెల్టు సీటుకు కట్టేసి ఉంచుతుంది. తలకు హెల్మెట్టు, మెడ విరక్కుండా ఇంకో కట్టు. మనం వాటన్నిటినీ వదిలేసి చక్రం ఒక్కటీ తెచ్చుకుంటున్నాం.

చట్టం సంగతీ చూద్దాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టూ అదే చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో అనుమతి లేని మార్పు ఒక్కోదానికి ఐదువేల రూపాయల జరిమానా, లేదా ఆరునెలల దాకా జైలు, లేదా రెండూ. రోడ్డు మీద పోలీసు ఆపి స్టీరింగు మధ్యలో వేలు పెట్టి చూస్తాడా అంటే చూడడు. నంబరు ప్లేటు, అద్దాల మీద నల్ల ఫిల్ము, సైలెన్సర్ మోత... ఆయనకు కనపడేవీ వినపడేవీ అవే. టేపు చుట్టిన రెసిస్టరు కనపడదు. బీమా వాళ్ల సర్వేయరు మాత్రం ప్రమాదం తర్వాత తీరిగ్గా కూర్చుని చూస్తాడు.

సరే, మా కారు సంగతి. "పాత స్టీరింగు ఏదైనా తుక్కు దుకాణంలో దొరుకుతుందేమో" అన్నాడు బావ. చాచా అడ్డంగా తలూపాడు. ఒకసారి పేలిన బ్యాగుకు పైమూత అతికించి అమ్మేవాళ్లున్నారు, లోపల గుడ్డపేలికలు కుక్కేవాళ్లున్నారు అన్నాడు. ఇదేమీ షెడ్డు కబురు కాదు. 2024లో ఢిల్లీ పోలీసులు రకరకాల కంపెనీల పేర్లతో తయారుచేసిన నకిలీ ఎయిర్‌బ్యాగుల్ని వందల సంఖ్యలో పట్టుకున్నారు. అదే ఏడాది అమెరికాలో చవకరకం విడిభాగాలతో వేసిన బ్యాగులు విచ్చుకునేటప్పుడు లోహపు ముక్కలు చిమ్మి మనుషులు చనిపోతే, పాత కార్లు కొన్నవాళ్లంతా చూపించుకోవాలని అక్కడి ప్రభుత్వ సంస్థ హెచ్చరించింది. పేరున్న కంపెనీల సరుకులోనే తేడా వచ్చిన కథ తకాటాది. జపాను కంపెనీ. దాని బ్యాగుల్లోని మందు ఏళ్ల తరబడి వేడికీ తేమకూ పాడై, పేలినప్పుడు లోహపు తొడుగునే చీల్చేసేది. ప్రపంచమంతటా కోట్ల కార్లను వెనక్కి పిలిపించారు, మన దేశంలోనూ పిలిపించారు. 2017లో కంపెనీ దివాలా తీసింది. కాబట్టి ఎవరి కారులోంచి ఎప్పుడు ఊడిందో తెలియని బ్యాగును అక్క ముందు పెట్టలేం.

చివరికి కంపెనీ సర్వీసు సెంటరుకే వెళ్లాం. వాళ్లు కంప్యూటరు తగిలించి చూశారు. పక్క సీటు బ్యాగు అసలుదే ఉందన్నారు, ఒక ఊరట. డ్రైవరు వైపు కొత్త చక్రం, బ్యాగు, క్లాక్ స్ప్రింగు అన్నీ వేయాలన్నారు. అంకె విని బావ కాసేపు కుర్చీలోంచి లేవలేదు. ఆ రేసు చక్రం వెలకు ఎన్నో రెట్లు. అమ్మినాయనకు ఫోను చేస్తే, తానూ అలాగే కొన్నానని, స్టీరింగు చూసే ముచ్చటపడ్డానని చెప్పాడు. అబద్ధమని అనలేను. మేమూ అలాగే ముచ్చటపడ్డాం కదా.

పని జరుగుతుండగా సర్వీసు కుర్రాడు పక్క సీటు ముందున్న డాష్‌బోర్డు చూపించి, "దేవుణ్ని ఇక్కణ్నుంచి తీసేయండి సార్" అన్నాడు. కారు కొన్న రోజే అక్క రెండు వైపులా అంటుకునే టేపుతో వినాయకుణ్ని అతికించింది, సరిగ్గా పక్క బ్యాగు మూత మీద. మన కార్లలో చాలావాటిలో ఆయన అక్కడే ఉంటాడు. బ్యాగు విచ్చుకుంటే ఆ మూత తెరుచుకునే వేగానికి ఇత్తడి విగ్రహం ఎదుటివాళ్ల మొహం మీదికి రాయిలా వస్తుంది. అక్క మొదట ఒప్పుకోలేదు. తర్వాత దండం పెట్టి తనే తీసి మీటర్ల పక్కన అతికించింది. పిల్లాణ్ని ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకునే అలవాటును మానిపించడం బావ వంతయింది.

పాత కారు కొనేవాళ్లెవరైనా నాకు ఫోను చేస్తే ఇప్పుడు దీపం ఒక్కటే చూడమని చెప్పడం లేదు. తాళం తిప్పగానే అసలు వెలగకపోతే బల్బు పీకేసి ఉంటారు. వెలిగి ఆరకపోతే ఎక్కడో లోపం ఉంది. వెలిగి ఆరితే స్టీరింగు మధ్యలోకి చూడండి. అక్కడ అక్షరాలు లేకపోతే, మూత అతుకు తేడాగా కనిపిస్తే, లేదూ చక్రమే వేరే కంపెనీదైతే బేరం ఆపి, ఆ కారు కంపెనీ సర్వీసు సెంటరులో స్కానింగ్ చేయించండి. ఆ స్కానింగులోనూ రెసిస్టరు దొరక్కపోవచ్చు, అది హాజరు పలుకుతుంది కనుక. మూత విప్పి చూడమని అడగాలి. విప్పే పని మాత్రం మీరు చేయకండి, బ్యాటరీ తీసినా కొన్ని నిమిషాల దాకా అందులో కరెంటు నిలవుంటుంది.

మొన్న అక్కతో పాటు నేనూ కారెక్కాను. ఆవిడ తాళం తిప్పగానే వెనక సీట్లోంచి మేనల్లుడు లెక్క మొదలెట్టాడు. "ఒకటి... రెండు... మూడు..." ఆరు దగ్గర దీపం ఆరింది. "ఆరిందమ్మా, పోనియ్యి" అన్నాడు. రోజూ ఇదే తంతట. ఆ ఎర్రదారం స్టీరింగు ఇప్పుడు వాడి గదిలో ఉంది. ఓ ప్లాస్టిక్ స్టూలుకు తాడుతో కట్టి సాయంత్రం పూట రేసులు పెడుతున్నాడు. నోటితోనే హారన్.